ఐదో కన్నం

ఈ సంచికకి ఏదైనా రాయమని మన క్లబ్ గ్రూపులో మెసేజ్ వచ్చినప్పుడు ఎప్పటిలాగే చూసి వదిలేశాను. నాది ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం. తెలుగులో నేను రాసిన పెద్ద వ్యాసం అంటే పదో తరగతి పరీక్షలో రాసిందే. కథలూ కవితలూ నాకు రావు. అయినా ఒక విషయం ఎనిమిది నెలలుగా ఎవరికీ చెప్పకుండా నా దగ్గరే ఉండిపోయింది. అది మా ఇంటి స్లాబు గురించి. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, స్లాబులో వదిలే కన్నాల గురించి. సీఎస్ఈ పిల్లకి స్లాబుతో పనేంటి అని సివిల్ వాళ్ళు నవ్వుకుంటే నవ్వుకోండి. తప్పులుంటే క్యాంటీన్‌లో పట్టుకుని చెప్పండి.

మాది గుంటూరు జిల్లాలో ఒక చిన్న ఊరు. అక్కడ తాతయ్య కట్టిన పెంకుటిల్లు ఉండేది. స్థలం 18 అడుగుల వెడల్పు, 45 అడుగుల పొడవు, అచ్చం రైలు పెట్టెలా. అటూ ఇటూ పక్కిళ్ళ గోడలు ఆనుకునే ఉంటాయి. ముందు వరండా, వెనక వంటిల్లు, మధ్యలో నడిమి గది. నడిమి గదికి కిటికీ పెట్టే వీలే లేదు. కానీ ఆ గది ఎప్పుడూ చీకటిగా ఉండేది కాదు. కప్పులో పెంకుల మధ్య ఒక గాజు పెంకు ఉండేది. దాంట్లోంచి ఎండ పలక అంత ముక్కగా నేల మీద పడేది. నాయనమ్మ బియ్యం చాటని ఆ ఎండ ముక్కలోకి జరుపుకుంటూ రాళ్ళు ఏరేది. ఎండ జరిగితే చాట జరిగేది, చాటతో పాటు నాయనమ్మా జరిగేది. చిన్నప్పుడు నాకు ఆ గదిలో గడియారం అవసరం ఉండేది కాదు.

పోయిన ఏడాది ఆ ఇల్లు పడగొట్టి డాబా కట్టడం మొదలుపెట్టాం. నాన్న ఎరువుల కొట్లో గుమాస్తా. బ్యాంకు లోను, అమ్మ గాజులు, చిట్టీ పాడిన డబ్బులు, అన్నీ కలిపితే కట్టిన ఇల్లు అది. వెనక సగం మీద తర్వాత ఎప్పుడైనా ఒక పోర్షన్ వేసి అద్దెకి ఇవ్వాలి, ముందు సగం ఖాళీ డాబాగా ఉంచాలి అనేది నాన్న ప్లాను. అంటే మేం పోయబోయే స్లాబు కింద ఉండే మాకు కప్పు, పైకి రాబోయే వాళ్ళకి నేల.

ఉగాదికి ఇంటికి వెళ్ళేసరికి గోడలు లెంటల్ దాకా లేచాయి. నాయనమ్మ నన్ను చెయ్యి పట్టుకుని నడిమి గదిలోకి తీసుకెళ్ళి, పైన ఆకాశం చూపించి, "ఇదంతా మూసేస్తారంటగా" అంది. ఆమెకి రెండు కళ్ళకీ శుక్లాలు తీశారు. మోకాళ్ళ నొప్పుల వల్ల బయట తిరగడం తక్కువ. కొత్త ఇంట్లో కూడా ఆమె మంచం నడిమి గదిలోనే. "మూడడుగుల కన్నం వదిలితే చాలే అమ్మాయ్. పైన ఇనప చట్రం వేసి, వాన పడకుండా రేకు పెట్టుకుంటున్నారు కదా అందరూ. మీ నాన్నకి నేను చెబితే ఖర్చు అంటాడు. నువ్వు చెప్పు" అంది.

చెప్పాను. నాన్న ఒక్క క్షణం ఆలోచించి, "సరే, మేస్త్రీ గారికి లిస్టు పంపేటప్పుడు అది కూడా రాయి" అన్నాడు. ఎందుకంటే ఇంటి ప్లాను చూసుకునే ఉద్యోగం అప్పటికే నాకు ఇచ్చేశాడు. "మా అమ్మాయి ఇంజనీరింగ్ చదువుతోంది, ప్లానంతా దాని ఫోన్‌లోనే ఉంది" అని వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పేవాడు.

ఇక్కడ మీకు ఒక విషయం చెప్పాలి. అప్పటికి నాకు ఫస్ట్ సెమ్‌లో ఒక సబ్జెక్ట్ పోయింది. అది ఇంజనీరింగ్ డ్రాయింగ్. రిజల్ట్స్ మార్చిలోనే వచ్చాయి. ఇంట్లో "ఇంకా రాలేదు" అని చెప్పాను. డ్రాయింగ్ ఫెయిలైన పిల్ల చేతిలో మా ఇంటి డ్రాయింగ్ పెట్టారు.

హాస్టల్‌కి తిరిగొచ్చాక ఒక రాత్రి ప్లాను ముందేసుకుని లిస్టు టైప్ చేశాను. ఒకటి, పైకి వెళ్ళే మెట్ల కోసం పెద్ద ఖాళీ. రెండు, వెనక బాత్‌రూమ్ పైపుల డక్టు. మూడు, ట్యాంకు నుంచి కిందకి దిగే నీళ్ళ పైపు. నాలుగు, కరెంటు మెయిన్ వైర్ల పైపు. ప్లానులో ఉన్నవి నాలుగే. నాయనమ్మ అడిగింది ప్లానులో లేదు, నా బుర్రలో ఉండాలి. ఆ రాత్రి లేదు. మేస్త్రీ గారి నంబరుకి పంపేశాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి. పని అయిపోయింది అనుకున్నాను.

సెమిస్టర్ పరీక్షలు అయిపోయి మే నెలలో ఇంటికెళ్ళాను. రోహిణి కార్తె రాకముందే స్లాబు పడిపోవాలని నాన్న తొందర. స్లాబుకి ముందు రోజు సాయంత్రం మేస్త్రీ గారు నన్ను పైకి పిలిచారు. "రామ్మా, నీ నాలుగు కన్నాలు చూసుకో" అన్నారు. నేను ఫోను పట్టుకుని సర్వి కర్రల నిచ్చెన ఎక్కి వెళ్ళాను. కింద జాకీలు, వాటి మీద సెంట్రింగ్ రేకులు, రేకుల మీద రాడ్లు జాలీలా కట్టి ఉన్నాయి. రాడ్ల కింద చిన్న చిన్న కవర్ బ్లాకులు. రాడ్డు రేకుకి ఆనకుండా, కింద కాంక్రీటు కప్పు దానికి దక్కేలా పెట్టే దిమ్మలన్నమాట. లేకపోతే రాడ్డుకి చెమ్మ తగిలి తుప్పు పడుతుంది.

అప్పటిదాకా కన్నం అంటే అక్కడ కాంక్రీటు పోయకుండా వదిలేయడమే అనుకున్నాను. మేస్త్రీ గారు నవ్వారు. "వదిలేస్తే ఊరుకుంటదా తల్లీ అది? కాంక్రీటు నీళ్ళ లాగే, ఎక్కడ సందు ఉంటే అక్కడికి పోద్ది. కన్నం కూడా కట్టాలి. గోడ కట్టినట్టే."

ఆయన చూపించిన తీరు నాకు ఇంకా గుర్తుంది. పైపులు దిగే చోట్ల ఇంకాస్త లావు పైపు ముక్క నిలబెట్టారు. 4 అంగుళాల పైపు దిగాలంటే 6 అంగుళాల ముక్క. దాని నోట్లో ఇసుక నింపి, పైన గోనె ముక్క కుక్కి, బైండింగ్ వైరుతో రాడ్లకి కట్టారు. డక్టు దగ్గర చెక్క పెట్టె, అడుగూ మూతా లేనిది. దాని బయటి పక్క పాత ఇంజనాయిలు రాశారు, కాంక్రీటు అంటుకోకుండా. పై అంచు కంటే కింది అంచు ఒక నూలు తక్కువ ఉంటుంది, తర్వాత పైకి లాగితే ఊడి రావడానికి. లోపల అడ్డంగా రెండు చెక్కలు బిగించారు, కాంక్రీటు బరువుకి పెట్టె లోపలికి నొక్కుకుపోకుండా. మెట్ల ఖాళీ చుట్టూ పలకలు నిలబెట్టి వెనక నుంచి ఆసరా కొట్టారు.

"చూడు, ఇక్కడ రాడ్లు రెట్టింపు ఉన్నాయి" అని డక్టు అంచు చూపించారు. కన్నం ఉన్న చోట రాడ్లు ఆగిపోతాయి కదా. ఆ ఆగిపోయిన రాడ్లు మొయ్యాల్సిన బరువు ఎక్కడికీ పోదు. అందుకని ఎన్ని రాడ్లు తెగాయో లెక్కపెట్టి, కనీసం అన్ని రాడ్లు కన్నానికి రెండు పక్కలా సగం సగం వేస్తారు. మూలల్లో ఏటవాలుగా ఇంకో రాడ్డు. నాలుగు పలకల కన్నానికి పగులు ఎప్పుడూ మూల దగ్గరే మొదలై ఐమూలగా పాకుతుందట. కిటికీ మూలల దగ్గర గోడ పగుళ్ళు చూడండి, అర్థమవుతుంది.

నేను ఫోన్లో నాలుగు టిక్కులు పెట్టుకున్నాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు. నడిమి గది పైన నిలబడే పెట్టాను ఆఖరి టిక్కు. అప్పుడు కూడా గుర్తు రాలేదు.

తెల్లారి ఆరున్నరకి కొబ్బరికాయ కొట్టారు. మిల్లరుకి పసుపూ కుంకుమా పెట్టారు. సుమారు 100 బస్తాల సిమెంటు పని. పాతికమంది పైగా కూలీలు, అందులో సగం మంది ఆడవాళ్ళు. మిల్లరు తిరగడం మొదలయ్యాక మాట వినపడదు. పోత వెనక నుంచి ముందుకి వస్తుంది. వంటిల్లు, వెనక గది, తర్వాత నడిమి గది, ఆఖరున వరండా. నా పని మజ్జిగ అందించడం, ఫోటోలు తీయడం.

నాయనమ్మని ఎదురింటి అరుగు మీద కుర్చీ వేసి కూర్చోబెట్టాం. మజ్జిగ గ్లాసు ఇవ్వడానికి వెళ్ళినప్పుడు నా చెయ్యి పట్టుకుని చెవి దగ్గర అడిగింది. "నా వెలుతురు కన్నం పెట్టించావుగా?"

నా కడుపులో ఏదో జారిపోయింది. "ఆఁ, పెట్టించాను నాయనమ్మా" అన్నాను.

ఎందుకలా అన్నానో ఇప్పటికీ తెలీదు. ఆలోచించుకుని చెప్పిన అబద్ధం కాదు. "రిజల్ట్స్ ఇంకా రాలేదు నాన్నా" అన్నప్పుడు కూడా నోరు ఇలాగే ముందు మాట్లాడేసింది. ఆమె తృప్తిగా మజ్జిగ తాగింది. నేను గ్లాసు తీసుకుని ఇవతలికి వచ్చేశాను.

తర్వాత గంటసేపు నేనేం చేశానంటే, ఏమీ చేయలేదు. కింద నిలబడి గమేళాలు పైకి పోవడం చూస్తూ ఉన్నాను. రకరకాల లెక్కలు వేసుకున్నాను. ఇప్పుడు చెబితే పని ఆగుతుంది, పాతికమందికి కూలి, మిల్లరు అద్దె, అందరి ముందూ నాన్న. చెప్పకపోతే? తర్వాత కోయించుకోవచ్చేమో. వజ్రపు పళ్ళ మిషన్లతో కాంక్రీటు కోస్తారని యూట్యూబ్‌లో చూశాను. నాయనమ్మకి "ఇంజనీరు గారు ఒప్పుకోలేదు" అని చెప్పొచ్చు. ట్యూబ్‌లైట్ ఒకటి ఎక్కువ పెట్టించొచ్చు. ఒక ముసలామె గదిలో ఎండ పడకపోతే ఇల్లేం కూలిపోదు. ఇలా అనుకుంటుంటే ఒక్కొక్కటీ సబబుగానే అనిపించింది.

తొమ్మిదిన్నరకి నిచ్చెనెక్కి చూశాను. వెనక సగం అయిపోయింది. తడి కాంక్రీటు అంచు నడిమి గది బీము దాటి రెండు మూడడుగులు లోపలికి వచ్చింది. వైబ్రేటరు కుర్రాడు సూది ముంచి తీస్తుంటే బూడిద రంగు ముద్ద వణుకుతూ రాడ్ల కిందకి పోతోంది. కాంక్రీటు అంత నెమ్మదిగా, అంత ఆగకుండా రావడం నేనెప్పుడూ చూడలేదు. ఇంకో అరగంటలో నాయనమ్మ చూపించిన ఆకాశం మూసుకుపోతుంది.

మేస్త్రీ గారి పక్కకి వెళ్ళి, "బాబాయ్, ఊరికే అడుగుతున్నా. ఇక్కడ ఒక కన్నం పెట్టాలంటే ఇప్పుడు కుదురుద్దా?" అన్నాను.

ఆయన నా మొహం చూశారు. "మర్చిపోయావా?"

తల ఊపాను. ఏడుపొచ్చేసింది. ఆయన తిట్టలేదు. "ఎంత సేపటి నుంచి తెలుసు?" అని మాత్రం అడిగారు. గంట అన్నాను. "గంట కిందే చెబితే తీరిగ్గా కట్టేవాళ్ళం. పోన్లే. పచ్చిగా ఉన్నప్పుడు చెబితే పారతో పోద్ది. ఎండాక చెబితే సమ్మెట పట్టాలి" అని, మిల్లరు వైపు చూసి పెద్దగా కేకేశారు.

పని ఆపమని కాదు ఆ కేక. ఆపకూడదట. సిమెంటు నీళ్ళు తగిలిన దగ్గర్నుంచీ గట్టిపడటానికి సిద్ధమవుతూ ఉంటుంది. అది బిగుసుకోవడం మొదలుపెట్టడానికి ప్రమాణాల ప్రకారం కనీసం 30 నిమిషాలు పట్టాలి. ఎక్కువ సేపే పడుతుంది గానీ మే నెల ఎండలో ధీమాగా ఉండలేం. అంచు గట్టిపడ్డాక పక్కన కొత్తది పోస్తే రెండూ కలవవు. పైకి ఒక్కటిలా కనిపించినా లోపల అతుకు ఉంటుంది, వానాకాలంలో నీళ్ళు ఆ దారినే దిగుతాయి. అందుకని కన్నం రాని దక్షిణం పక్క నుంచి పోస్తూ, తడి అంచుని బతికించుకుంటూ ఉండమని చెప్పారు. ఇద్దరు సెంట్రింగ్ కుర్రాళ్ళని పెట్టె కొట్టమన్నారు. కానీ రాడ్డు కటింగ్ మిషను మాత్రం ముట్టుకోనివ్వలేదు. "ఇంజనీరు గారు వచ్చి చెప్పకుండా ఒక్క రాడ్డు కూడా కొయ్యను."

నాన్న పైకి వచ్చాడు. విషయం విన్నాడు. "లిస్టులో రాయలేదా?" అన్నాడు. "మర్చిపోయా నాన్నా." ఇంకేమీ అనలేదు. అక్కడున్న వాళ్ళంతా నా వైపే చూస్తున్నారని నాకనిపించింది. నిజానికి ఎవరి పని వాళ్ళు చేసుకుంటున్నారు.

ప్లాను గీసిన ఇంజనీరు గారు పావుగంటలో బండి మీద వచ్చారు. మూడు ప్రశ్నలు అడిగారు. బీము ఎంత దూరంలో ఉంది, మెయిన్ రాడ్లు ఏ దిక్కున వెళ్తున్నాయి, ఫ్యానుకీ లైట్లకీ కరెంటు పైపులు ఎటు పోయాయి. టేపు పట్టి కొలిచి, "మూడడుగులు కుదరదు. రెండడుగులు. అది కూడా ఉత్తరం వైపు జరపాలి" అన్నారు. మూడడుగులైతే అంతకంత రాడ్లు తెగుతాయి, పైగా ఫ్యాను బాక్సు అడ్డం వస్తోంది. మా స్లాబు మందం 5 అంగుళాలు. మెయిన్ రాడ్లు 6 అంగుళాలకొకటి, అడ్డ రాడ్లు 8 అంగుళాలకొకటి. రెండడుగుల కన్నానికి మెయిన్‌లో నాలుగు, అడ్డంలో మూడు తెగుతాయి. అందుకని మెయిన్ దిక్కున పక్కకి రెండేసి రాడ్లు, ఈ బీము నుంచి ఆ బీము దాకా పూర్తిగా. అడ్డ దిక్కున కూడా పక్కకి రెండేసి, కన్నం అంచు దాటి అటూ ఇటూ కనీసం అడుగున్నర పోయేలా. అంత పొడవు కాంక్రీటులో పాతుకుంటేనే రాడ్డుకి పట్టు దొరుకుతుంది. మూలలకి నాలుగు ఏటవాలు రాడ్లు. కోసిన చివరలు పెట్టెకి తగలకుండా కాస్త లోపలే ఉండాలి.

"తర్వాత మిషనుతో కోయిస్తే?" అని అడిగాను. గంటసేపు నన్ను నేను నమ్మించుకున్న మాట అది. ఆయన ఓపిగ్గా చెప్పారు. "కోయొచ్చు. పైపు దూరేంత చిన్నదైతే ఎలాగోలా సర్దుకోవచ్చు. కానీ ఇంత కన్నం కోస్తే రాడ్లు కూడా తెగుతాయి. ఇప్పుడు తెగిన వాటికి బదులు పక్కన వేస్తున్నాం. అప్పుడు ఎక్కడ వేస్తావు? లోపలంతా రాయి అయిపోయి ఉంటుంది. కింద నుంచి ఇనప దూలాలతో ఆసరా ఇవ్వాలి. కన్నం ఖరీదు కంటే ఆసరా ఖరీదు ఎక్కువ."

సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ పుస్తకంలో మనకి ఒక గ్రాఫ్ ఉంటుంది కదా, తప్పు ఎంత ఆలస్యంగా బయటపడితే సరిచేసే ఖర్చు అంత పెరుగుతుందని. అది ఈ సెమిస్టర్‌లో చదివాను. చదువుతున్నప్పుడు నాకు గ్రాఫ్ కనపడలేదు, ఆ తడి అంచు కనపడింది.

నలభై నిమిషాల్లో పెట్టె కూర్చుంది. పెట్టెకి ఒక పక్కే పోస్తే బరువుకి రెండో పక్కకి జరిగిపోతుందని చుట్టూ కొంచెం కొంచెంగా, సమానంగా పోయించారు మేస్త్రీ గారు. వైబ్రేటరు సూది పెట్టెకి తగలనివ్వలేదు. మూలల దగ్గర మాత్రం తనే ఒక రాడ్డు ముక్కతో పొడుస్తూ కూర్చున్నారు. మూడున్నరకి వరండా దాకా పూర్తయింది. అందరికీ బిర్యానీ పెట్టాం. మేస్త్రీ గారికి నాన్న బట్టలు పెట్టాడు. గమేళాలు అందించిన ఒక అక్క వెళ్తూ వెళ్తూ నా భుజం మీద తట్టి, "మా పెద్దాడు కూడా ఇంతే, అన్నీ ఆఖర్న చెబుతాడు" అంది.

కథ ఇక్కడితో అయిపోతే బాగుండేది. మర్నాడు సాయంత్రం పెట్టె పలకలు ఊడదీశారు. నున్నటి అంచులతో చతురస్రం బయటపడింది. కింద సెంట్రింగ్ రేకు ఇంకా ఉంది. స్లాబు మీద మడులు కట్టి నీళ్ళు నిలబెట్టాం. ఇప్పుడు మార్కెట్లో దొరికే సిమెంటుకి కనీసం 10 రోజులు తడి ఆరకుండా చూసుకోవాలి. పొద్దున్నా సాయంత్రం నీళ్ళు పెట్టడం నా డ్యూటీ. తప్పు చేసినదాన్ని కదా, ఒక్క పూట కూడా మానలేదు. కోడ్ ప్రకారం నాలుగున్నర మీటర్ల లోపు స్లాబుకి 7 రోజుల తర్వాత జాకీలు తీయొచ్చు, దాటితే 14. మేస్త్రీ గారు చిన్నదానికి కూడా 14 రోజులు ఉంచి తీశారు. రేకులు దిగాక నడిమి గదిలో నిలబడి పైకి చూస్తే మళ్ళీ ఆకాశం కనిపించింది, రెండడుగులంత.

ఇనప చట్రం రావడానికి ఇంకో వారం పడుతుందన్నారు. వేపాకులూ దుమ్మూ కొత్త గదిలో పడుతున్నాయని నేను ఒక ఖాళీ సిమెంటు బస్తా తీసుకెళ్ళి, కన్నం మీద పరిచి, నాలుగు మూలలా ఇటుక ముక్కలు పెట్టాను. చూడ్డానికి నీట్‌గా ఉంది. ఆ సాయంత్రం మేస్త్రీ గారు పైకి వచ్చి అది చూశారు. స్లాబు రోజు ఒక్క మాట అనని మనిషి నా మీద అరిచారు.

"కన్నం కనపడుతుంటే మనిషి తప్పుకుంటాడు. దాని మీద బస్తా కప్పావు. ఇప్పుడది నేల లాగా ఉంది. ఎవడన్నా అడుగేస్తే?"

ఆ పూటే పక్కింటి పిల్లలు గాలిపటం కోసం మా డాబా మీదకి వచ్చి వెళ్ళారు. నా కాళ్ళు వణికాయి. తర్వాత ఆయన కాస్త నెమ్మదించి చెప్పారు. చాలా ఏళ్ళ కిందట ఆయనతో పనిచేసే కుర్రాడు ఒకడు ఇలాగే డక్టు మీద ఎవరో పెట్టిన థర్మకోల్ షీటు మీద కాలు పెట్టాడట. నడుం విరిగింది. ఇప్పుడు నడుస్తాడు గానీ బరువు ఎత్తలేడు. ఆ షీటు ఎవరు పెట్టారో ఎవరూ ఒప్పుకోలేదట. చెబుతూ చెబుతూనే ఆయన సెంట్రింగ్ పలకలు రెండు తెప్పించి కన్నం మీద వేశారు. పక్కకి జరగకుండా కింది వైపు కన్నంలోకి దిగేలా అడ్డ చెక్కలు కొట్టారు. తనే ఎక్కి నిలబడి, ఒకసారి కుదిపి చూశారు. పైన సున్నంతో పెద్ద ఇంటూ మార్కు గీశారు. "మనిషి బరువు ఆపాలి, జరగకూడదు, కింద కన్నం ఉందని తెలియాలి. ఈ మూడూ ఉంటేనే మూసినట్టు. లేకపోతే తెరిచే ఉంచు, చుట్టూ తాడు కట్టు."

ఆ రాత్రి డాబా మీద మడులకి నీళ్ళు పెడుతుంటే నాన్న వచ్చి గోడ మీద కూర్చున్నాడు. సున్నం గీత చీకట్లో కూడా తెల్లగా కనపడుతోంది. పైపు పక్కన పడేసి చెప్పేశాను. "నాన్నా, ఫస్ట్ సెమ్ రిజల్ట్స్ మార్చిలోనే వచ్చాయి. డ్రాయింగ్ పోయింది."

చాలాసేపు ఏమీ అనలేదు. మడిలోంచి నీళ్ళు పొర్లి మెట్ల ఖాళీలోకి కారుతున్న చప్పుడు వినపడుతోంది. తర్వాత, "మళ్ళీ రాయడానికి ఫీజు ఎంత?" అన్నాడు. చెప్పాను. "ఆఖరు తేదీ దాటలేదుగా?" దాటలేదన్నాను. "నీళ్ళు కట్టెయ్, పొర్లుతున్నాయి" అని లేచి వెళ్ళిపోయాడు. మర్నాడు పొద్దున కొట్టుకి వెళ్ళే ముందు ఫీజు డబ్బులు టీవీ పక్కన పెట్టి ఉన్నాయి. తర్వాత రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. మూడో రోజు ఎవరో చుట్టాలొస్తే, "ప్లాను అమ్మాయి ఫోన్‌లో ఉంది, చూపిస్తది" అన్నాడు.

సప్లీలో బొటాబొటిగా పాసయ్యాను.

శ్రావణంలో గృహప్రవేశం అయింది. కన్నం చుట్టూ డాబా మీద అడుగెత్తు ఇటుక గట్టు కట్టారు, వాన నీళ్ళు లోపలికి రాకుండా. దాని మీద ఇనప చట్రం, ఆ పైన వెలుతురు దూరే రేకు. ఆగస్టు మొదట్లో మా ఊళ్ళో మిట్టమధ్యాహ్నం సూర్యుడు దాదాపు సరిగ్గా నెత్తి మీద ఉంటాడు. అందుకని ఎండ తిన్నగా నేల మీద చతురస్రంలా పడింది. నాయనమ్మ మంచం మీద పడదు. కన్నం జరిగింది కదా, మంచానికి రెండడుగుల అవతల పడుతుంది. ఆమె ఏమీ అనకుండా చాట తీసుకుని అక్కడికి జరిగింది. ఇప్పుడు ప్యాకెట్ బియ్యంలో రాళ్ళేమీ ఉండవు. అయినా ఏరుతుంది.

మొన్న సంక్రాంతికి వెళ్తే ఎండ నేల మీద లేదు. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వాలతాడు కాబట్టి వెలుగు ఉత్తరం గోడ ఎక్కి, గట్టు నీడ కోసేయగా మిగిలిన సన్నటి చీలికలా పడుతోంది. నాయనమ్మ గోడ వైపు చెయ్యి చూపించి, "మూడడుగులు అడిగితే రెండడుగులు ఇచ్చారు. అది కూడా గోడెక్కి కూర్చుంది" అంది. మే నెలకి మళ్ళీ కిందకి దిగుతుందని చెప్పాను. "అప్పటిదాకా నేనుండాలిగా" అని నవ్వింది.

స్లాబు రోజు పొద్దున నేను "ఆఁ, పెట్టించాను" అన్నప్పటికి అక్కడ కన్నం లేదన్న సంగతి ఆమెకి ఇప్పటికీ తెలీదు. ఈ సంచిక లింకు నాన్నకి పంపుతాను. ఆయన సాయంత్రం కొట్టు నుంచి వచ్చాక నాయనమ్మకి చదివి వినిపిస్తాడు.